వడ్ల లెక్కలూ లిబ్రేఆఫీసూ: తమ్ముడి బిడ్డకు ఒక ఉత్తరం

నల్గొండ

చిరంజీవి బిడ్డకు పెద్దనాన్న ఆశీస్సులు.

మొన్న మీ నాన్న ఫోన్ చేసినప్పుడు నీ సంగతి చెప్పాడు. మిర్యాలగూడలో రైస్ మిల్లు అకౌంట్స్ పనిలో చేరి నెల కూడా కాలేదు, అప్పుడే మానేస్తానంటున్నావట. ఎందుకమ్మా అంటే, "అక్కడ ఎక్సెల్ లేదు నాన్నా, ఏదో లిబ్రేఆఫీస్ అట, నేర్చుకున్నదంతా దండగైంది" అన్నావట. ఫోన్‌లో చెబితే సగం వింటావు, మిగతా సగం గేటు దగ్గర లారీ హారన్‌లో కొట్టుకుపోతుంది. అందుకని రాస్తున్నాను. ఇది ఆఫీసుకు తీసుకెళ్ళి, కంప్యూటర్ పక్కన పెట్టుకొని, ఒక్కొక్కటే చేసి చూస్తూ చదువు.

నేను ముప్పై ఏళ్ళకు పైగా సహకార సంస్థల్లో లెక్కలు రాశాను. మొదట్లో ఎర్ర అట్ట లెడ్జర్లు, ఆ తర్వాత కంప్యూటర్లు. రిటైర్ అయ్యే ముందు చాలా ఏళ్ళు నా బల్ల మీద ఉన్నది నువ్వు వద్దంటున్న ఈ లిబ్రేఆఫీసే, అంటే లెక్కలకూ ఉత్తరాలకూ ఉచితంగా దొరికే ఈ సాఫ్ట్‌వేరే. కాబట్టి విని చెబుతున్న మాటలు కావు ఇవి.

ముందు నీ మనసులో ఉన్న చులకన పోవాలి. ఊరికే వచ్చింది కదా, ఇందులో ఏముంటుందిలే అనుకుంటున్నావు. దీని మూలం జర్మనీలో తయారైన స్టార్‌ఆఫీస్. 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ దాన్ని కొని, 2000లో ఓపెన్‌ఆఫీస్ పేరుతో అందరికీ ఇచ్చేసింది. 2010లో ఆ కంపెనీ ఒరాకిల్ చేతికి వెళ్ళింది. అదే ఏడు ఆ పనిలో ఉన్నవాళ్ళు చాలామంది విడిగా వచ్చి, డాక్యుమెంట్ ఫౌండేషన్ అని పెట్టుకొని, లిబ్రేఆఫీస్ మొదలుపెట్టారు. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు కంప్యూటర్ పాఠాల్లో నేర్చుకునేది ఇదే. ఎక్సెల్‌లో ఒక షీటుకు 10,48,576 వరుసలుంటే, ఇందులో లెక్కల షీట్లకున్న కాల్క్‌లోనూ అన్నే ఉన్నాయి. మీ మిల్లు వడ్ల లెక్క ఎన్ని సీజన్లు రాసినా ఆ షీటు నిండదు.

ఇక నీ కష్టం. నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫైల్ చూశాను. ఒక షీటు మీద పైన మిల్లు పేరు నాలుగు గడులు కలిపి రాశావు. కింద తేదీ. దాని కింద త్రిపురారం రైతులు, మధ్యలో ఖాళీ వరుస, మొత్తం, మళ్ళీ ఖాళీ వరుస, వేములపల్లి రైతులు, మళ్ళీ మొత్తం. కాగితం మీద చూడటానికి బాగుంది. కానీ సేటు వచ్చి "దామరచర్ల వడ్లు ఈ వారం ఎన్ని క్వింటాళ్ళు వచ్చినయ్?" అంటే క్యాలిక్యులేటర్ తీసుకొని కూర్చోవాలి. అది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు బిడ్డా. ఎక్సెల్ ఉన్నా ఇదే జరిగేది. కంప్యూటర్‌ను టైపు మిషన్‌లా వాడుతున్నావు.

మొత్తం ఉత్తరంలో నేను చెప్పేది ఒకటే. ఏ సమాచారమైనా ఒక్కచోటే ఉండాలి, ఒకే తీరుగా ఉండాలి. అలా పెడితే ఈ సాఫ్ట్‌వేర్ నీకు చాకిరీ చేస్తుంది. లేకపోతే నువ్వే దానికి చాకిరీ చేస్తావు.

రేపు పొద్దున పోగానే కొత్త ఫైల్ తెరిచి, షీటుకు "వడ్లు" అని పేరు పెట్టు. మొదటి వరుసలో శీర్షికలు మాత్రమే రాయి: తేదీ, కాంటా చీటీ నంబర్, రైతు పేరు, గ్రామం, మండలం, రకం, బస్తాలు, బరువు, తేమ, రేటు. పైన మిల్లు పేరు వద్దు, గడులు కలపొద్దు, మధ్యలో ఖాళీ వరుసలు వద్దు, మధ్యమధ్య మొత్తాలు అసలే వద్దు. ఒక కాంటా చీటీకి ఒక వరుస. లారీ వెంట లారీ వచ్చినట్టు, వరుస కింద వరుస.

ఇప్పుడు గ్రామం, మండలం సంగతి. నీ ఫైల్‌లో త్రిపురారాన్ని ఒకచోట ఇంగ్లీష్ టీ ఆర్‌తో మొదలుపెట్టావు, ఇంకోచోట టీ హెచ్ ఆర్‌తో. మనిషి కంటికి రెండూ ఒకటే. కంప్యూటర్ లెక్కలో అవి రెండు ఊళ్ళు. పేరు చివర ఒక ఖాళీ పడినా అది మూడో ఊరైపోతుంది. మాడ్గులపల్లి అయితే చెప్పే పనే లేదు, నలుగురు రాస్తే నాలుగు స్పెల్లింగులు. దీనికి మందు వాలిడిటీ. ఇంకో షీటు తీసుకొని "జాబితా" అని పేరు పెట్టు. అందులో మీ మిల్లుకు వడ్లు వచ్చే మండలాలన్నీ ఒక్కొక్కటి ఒక్కసారి సరైన స్పెల్లింగుతో రాయి: మిర్యాలగూడ, వేములపల్లి, దామరచర్ల, త్రిపురారం, నిడమనూరు, మాడ్గులపల్లి, ఇలా. తర్వాత వడ్ల షీటుకు వచ్చి, మండలం కాలమ్ మొత్తం ఎంచుకొని, డేటా మెనూలో వాలిడిటీ నొక్కు. అలౌ అన్నచోట సెల్ రేంజ్ అని పెట్టి, కింద సోర్స్‌లో జాబితా షీటులోని ఆ పేర్లను చూపించు. ఎర్రర్ అలర్ట్ ట్యాబ్‌లోకి వెళ్ళి యాక్షన్ దగ్గర స్టాప్ పెట్టు. ఇది మర్చిపోవద్దు. అయిపోయాక ఆ కాలమ్‌లో ఏ గడి మీద నిలబడ్డా చిన్న బాణం కనబడుతుంది, నొక్కితే పేర్ల వరుస దిగుతుంది. చేత్తో తప్పు పేరు కొడితే తీసుకోదు. గ్రామాలకూ, వడ్ల రకాలకూ ఇలాగే చేయి. అరపూట పని ఇది. సీజన్ నడిచినంత కాలం ఆదుకుంటుంది.

పది రోజుల కాంటా చీటీలు ఎక్కాక పివట్ టేబుల్, అంటే వరుసలన్నిటినీ కూడి మొత్తాలు చూపే పట్టిక, తీయి. ఇన్స్టిట్యూట్‌లో ఎక్సెల్ పివట్ నేర్పారన్నావు కదా, ఇది దాని అక్కచెల్లెలే. డేటా మెనూలో పివట్ టేబుల్, అందులో ఇన్సర్ట్. ఒక కిటికీ తెరుచుకుంటుంది, ఎడమవైపు గళ్ళు, కుడివైపు నీ శీర్షికల పేర్లు. మండలాన్ని లాగి రో ఫీల్డ్స్‌లో వేయి. రకాన్ని కాలమ్ ఫీల్డ్స్‌లో వేయి. బరువును డేటా ఫీల్డ్స్‌లో వేయి. ఓకే. మండలాల వారీగా, రకాల వారీగా ఎన్ని క్వింటాళ్ళు వచ్చాయో కొత్త షీటులో వచ్చేస్తుంది. సేటు అడిగిన ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది.

ఇందులో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పివట్ పెట్టేటప్పుడు ఆప్షన్స్ విప్పితే డ్రిల్ టు డీటెయిల్స్ అని కనబడుతుంది. అది టిక్ అయి ఉంటే, దామరచర్ల మొత్తం ఉన్న గడి మీద డబుల్ క్లిక్ చేయి. ఆ మొత్తం ఏయే కాంటా చీటీలు కలిస్తే వచ్చిందో, ఆ వరుసలన్నీ కొత్త షీటులో పరిచి చూపిస్తుంది. "ఇంత ఎట్లొచ్చింది?" అని సేటు అడిగితే తెల్లముఖం వేయాల్సిన పనిలేదు. ఒక ఆడిటర్ గారు నన్ను ఇలాగే ఒక మొత్తం గురించి నిలదీస్తే, రెండు నిమిషాల్లో చీటీలన్నీ ముందు పెట్టాను. ఆయన ఆ రోజు ఇంకేమీ అడగలేదు.

పివట్‌తో ఒక జాగ్రత్త. కొత్త చీటీలు ఎక్కించగానే అది తనంతట తాను మారదు. దాని మీద రైట్ క్లిక్ చేసి రిఫ్రెష్ కొట్టాలి. సోర్స్ పరిధి కొత్త వరుసల దాకా ఉందో లేదో కూడా చూడాలి. నేనైతే మొదటే కింద ఐదువేల వరుసల దాకా పరిధి ఇచ్చి, ఆప్షన్స్‌లో ఖాళీ వరుసలు వదిలేయమనే టిక్ పెట్టేవాడిని.

ఇప్పుడు నా అనుభవంలో జరిగిన పొరపాటు చెబుతాను. నీకు జరగకూడదని చెబుతున్నాను. ఒక యాసంగిలో మా సంస్థ ద్వారా రైతులకు వడ్ల డబ్బులు పడాలి. బ్యాంకు ఖాతా నంబర్ల జాబితా ఇంకో ఆఫీసు నుంచి సీఎస్‌వీ ఫైల్‌గా వచ్చింది. అంటే కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైల్. దాని మీద డబుల్ క్లిక్ చేశాం, తెరుచుకుంది, చక్కగా కనబడింది, సేవ్ చేసి బ్యాంకుకు పంపాం. మూడో రోజు నుంచి రైతులు రావడం మొదలైంది, డబ్బులు పడలేదని. వెతికితే తెలిసింది, సున్నాతో మొదలయ్యే ఖాతా నంబర్లలో ఆ ముందు సున్నాలు ఎగిరిపోయాయి. కంప్యూటర్ వాటిని నంబర్లనుకుంది, ముందున్న సున్నాకు విలువ లేదనుకుంది. ఒక పెద్దాయన హాలియా నుంచి బస్సెక్కి మూడుసార్లు వచ్చాడు. బిడ్డ పెళ్ళి పెట్టుకున్నాడాయన. నా బల్ల ముందు చేతులు కట్టుకొని నిలబడ్డ ఆ మనిషిని నేను ఇప్పటికీ మర్చిపోలేదు. తప్పు మాది, తిరిగింది ఆయన.

లిబ్రేఆఫీస్‌లో దీనికి మంచి అడ్డుకట్ట ఉంది, మేమే చూసుకోలేదు. సీఎస్‌వీ ఫైల్ తెరవగానే టెక్స్ట్ ఇంపోర్ట్ అనే కిటికీ వస్తుంది. మనం తొందరలో ఓకే కొట్టేస్తాం. కొట్టొద్దు. కింద నీ డేటా కాలమ్‌లుగా కనబడుతుంది. ఖాతా నంబర్ కాలమ్ పై భాగం మీద నొక్కి, కాలమ్ టైప్ దగ్గర టెక్స్ట్ ఎంచుకో. ఫోన్ నంబర్లకూ, ఆధార్‌కూ, కాంటా చీటీ నంబర్లకూ అదే చేయి. కూడికలు, తీసివేతలు చేయని అంకె ఏదైనా టెక్స్టే. ఇంకో కారణం కూడా ఉంది. స్ప్రెడ్‌షీట్ ఏదైనా సరే, నంబర్‌గా తీసుకున్నదాన్ని 15 అంకెల వరకే సరిగ్గా దాచుకుంటుంది. పదహారు అంకెల ఖాతా నంబర్‌ను నంబర్‌గా ఎక్కిస్తే చివరి అంకెను నమ్మడానికి లేదు.

అదే కిటికీలో తేదీ కాలమ్‌ను కూడా వదలకు. దాని టైప్ డేట్, డీఎంవై అని పెట్టు. రోజు, నెల, సంవత్సరం అన్నమాట. పెట్టకపోతే నవంబర్ 5 కాస్తా మే 11 అయి కూర్చునే ప్రమాదం ఉంది. వానాకాలం వడ్లు యాసంగిలో కలిసిపోతాయి. చేత్తో ఎక్కించే ఫైళ్ళలో అయితే తెరిచిన వెంటనే, ఒక్క అంకె కూడా కొట్టకముందే, ఆ కాలమ్‌లు ఎంచుకొని కంట్రోల్ 1 నొక్కి టెక్స్ట్ పెట్టు. తర్వాత పెడితే పోయిన సున్నా తిరిగి రాదు.

లక్షల కామాలు పడటం లేదని కూడా అన్నావట. పన్నెండు లక్షల ముప్పైనాలుగు వేలు రాస్తే అమెరికా వాళ్ళ లెక్కలో కామాలు పడి, సేటు చదవలేకపోతున్నాడు. అదే కంట్రోల్ 1 కిటికీలో లాంగ్వేజ్ దగ్గర ఇంగ్లీష్ ఇండియా పెట్టి, థౌజండ్స్ సెపరేటర్ టిక్ చేయి. 12,34,000 అని మన పద్ధతిలో వస్తుంది. ప్రతి ఫైల్‌లో చేసుకునే బాధ లేకుండా టూల్స్, ఆప్షన్స్‌లో భాషల విభాగానికి వెళ్ళి లొకేల్‌ను ఇంగ్లీష్ ఇండియాగా మార్చేయి. తేదీలు కూడా దారికొస్తాయి.

తేమ కాలమ్ సంగతి నీకు తెలిసే ఉంటుంది. ప్రభుత్వ కొనుగోలు వడ్లకు తేమ 17 శాతం దాటకూడదు. ఫార్మాట్ మెనూలో కండిషనల్ అని ఉంటుంది, 17 కంటే ఎక్కువుంటే గడి ఎర్రబడాలని చెప్పు. చీటీ ఎక్కిస్తుండగానే కంటికి కొడుతుంది. సీఎంఆర్ కింద, అంటే ప్రభుత్వ వడ్లు మర ఆడించి తిరిగి ఇచ్చే లెక్కలో, బియ్యం ఎంత అప్పగించాలో కూడా ఒక కాలమ్ పెట్టుకో, పచ్చి బియ్యమైతే క్వింటాలుకు 67 కిలోలు, బాయిల్డ్ అయితే 68. వెయ్యి క్వింటాళ్ళ వడ్లకు 670 క్వింటాళ్ళ పచ్చి బియ్యం బాకీ. కానీ ఆ 67నూ 68నీ ప్రతి ఫార్ములాలో రాయొద్దు. జాబితా షీటులో చెరొక గడిలో పెట్టి, ఫార్ములాలు అక్కడి నుంచి తీసుకునేలా చేయి. ఫార్ములా రాసేటప్పుడు ఆ గడి పేరు మీద ఎఫ్4 నొక్కితే డాలర్ గుర్తులు పడతాయి, కిందికి లాగినా గడి జరగదు.

ఒక్కచోటే ఉండాలని ఎందుకు ఇంతగా పట్టుబడుతున్నానో చెబుతాను. 2016 దసరా నాడు, అక్టోబర్ 11న, మన నల్గొండ జిల్లా మూడైంది. నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి. ఆ రోజు నాటికి నేను పనిచేసే చోట పాత జిల్లా మొత్తానికి సంబంధించిన సభ్యుల జాబితాలున్నాయి. రెండు సెక్షన్లు. ఒక సెక్షన్‌లో ప్రతి సభ్యుడి ముందు జిల్లా పేరు చేత్తో కొట్టారు. కోదాడ వాళ్ళను, హుజూర్‌నగర్ వాళ్ళను సూర్యాపేటకు, చౌటుప్పల్ వాళ్ళను, ఆలేరు వాళ్ళను యాదాద్రికి మార్చుకుంటూ కూర్చున్నారు పాపం, పండగ సెలవులు కూడా పోయాయి. నా సెక్షన్‌లో జిల్లా ఎక్కడా కొట్టలేదు. మండలం మాత్రమే ఉంది. వేరే షీటులో మండలం, దాని పక్కన జిల్లా, ఒక చిన్న పట్టిక. పెద్ద జాబితా వీలుకప్ అనే ఫార్ములాతో ఆ పట్టికలో చూసి జిల్లా పేరు తెచ్చుకునేది. నేను చిన్న పట్టికలో పేర్లు మార్చాను, వేల వరుసలు వాటంతటవే మారాయి. మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళాను.

వీలుకప్ నువ్వు నేర్చుకున్నదే, కాల్క్‌లోనూ అంతే. ఆ ఫార్ములా చివర సున్నా పెట్టడం మర్చిపోకు, లేకపోతే దగ్గరిలోని తప్పు పేరు పట్టుకొస్తుంది. మీ కంప్యూటర్‌లో కామాల బదులు సెమీకోలన్ అడిగితే గాబరా పడకు, ఆప్షన్స్‌లో కాల్క్ కింద ఫార్ములా అనే చోట సెపరేటర్ మార్చుకోవచ్చు.

తెలుగు ఉత్తరాల గురించి. మీ మిల్లులో పాత ఉత్తరాలు "అను" అనే పాతకాలపు తెలుగు ఫాంట్లలో ఉంటాయి, వాటిని తెరిస్తే గజిబిజి ఇంగ్లీష్ అక్షరాలు కనబడతాయి. వాటితో కుస్తీ పట్టకు. కొత్త ఉత్తరాలు యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటర్‌లో తెరిచినా తెలుగుగానే కనబడే పద్ధతిలో, కొట్టు. విండోస్‌లో నిర్మలా యూఐ అనే ఫాంట్ ఎలాగూ ఉంటుంది. మండలి, రామభద్ర లాంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. లిబ్రేఆఫీస్‌లో ఉత్తరాలు రాసే రైటర్‌లో తెలుగు కొట్టేటప్పుడు అందరూ తిట్టుకునేది ఒకటుంది: స్టైల్‌లో ఫాంట్ మార్చినా తెలుగు అక్షరాలు కదలవు, ఇంగ్లీష్ అక్షరాలే మారతాయి. కారణమేమిటంటే, లిబ్రేఆఫీస్ ఇంగ్లీష్‌కు ఒక ఫాంట్, తెలుగు లాంటి లిపులకు ఇంకో ఫాంట్ విడివిడిగా గుర్తుపెట్టుకుంటుంది. రెండోదాన్ని కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ అంటారు, క్లుప్తంగా సీటీఎల్. ఎఫ్11 నొక్కితే స్టైల్స్ వస్తాయి. డీఫాల్ట్ పేరాగ్రాఫ్ స్టైల్ మీద రైట్ క్లిక్ చేసి, మార్చే కిటికీలో ఫాంట్ ట్యాబ్‌కు వెళ్ళి, సీటీఎల్ అన్నచోట నీకు నచ్చిన తెలుగు ఫాంటూ సైజూ పెట్టు. ఆ చోటు కనబడకపోతే భాషల ఆప్షన్స్‌లో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ టిక్ చేయి. తర్వాత ఆ ఖాళీ ఉత్తరాన్ని మిల్లు పేరు, అడ్రసుతో సహా ఫైల్, టెంప్లేట్స్‌లో టెంప్లేట్‌గా సేవ్ చేసుకో. ఇక ప్రతి ఉత్తరమూ అక్కడి నుంచే మొదలవుతుంది.

మార్చి 31 దగ్గరపడితే పార్టీలందరికీ బాకీ నిర్ధారణ ఉత్తరాలు పంపమంటారు. నూట యాభై ఉత్తరాల్లో పేరూ మొత్తమూ చేత్తో మార్చకు. పార్టీల పేర్లు, అడ్రసులు, బాకీలు కాల్క్ షీటులో ఉంటాయి కదా, ఆ ఫైల్‌ను డేటా సోర్స్‌గా నమోదు చేసుకొని, రైటర్‌లో కంట్రోల్ షిఫ్ట్ ఎఫ్4 నొక్కు. పైన ఆ షీటు తెరుచుకుంటుంది. పేరు అనే శీర్షికను మౌస్‌తో పట్టి లాగి, ఉత్తరంలో పేరు రావాల్సిన చోట వదిలేయి. బాకీ అంతే. ప్రింట్ కొట్టగానే "ఫామ్ లెటర్ ప్రింట్ చేయాలా" అని అడుగుతుంది, అవునను. పార్టీకొక ఉత్తరం వస్తుంది. మొదటిసారి మాత్రం ప్రింటర్‌కు కాకుండా ఫైల్‌లోకి తీసి చూసుకో.

చిన్న చిన్నవి ఇంకొన్ని. రోజూ రాసే "తమరి దివ్యసముఖమునకు వ్రాయునది" లాంటి వాక్యాలను ఎంచుకొని కంట్రోల్ ఎఫ్3 నొక్కి ఆటోటెక్స్ట్‌గా దాచుకుంటే, తర్వాత రెండక్షరాల గుర్తు కొట్టి ఎఫ్3 నొక్కితే చాలు. కాల్క్‌లో కంట్రోల్ సెమీకోలన్ నొక్కితే ఈ రోజు తేదీ పడుతుంది.

పీడీఎఫ్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీనిలో ఉన్న సదుపాయం చాలామంది ఎరగరు. పీడీఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు వచ్చే కిటికీలో హైబ్రిడ్ పీడీఎఫ్ అని ఒక టిక్ ఉంటుంది. అది పెడితే పీడీఎఫ్ లోపలే నీ అసలు ఫైల్ కూడా దాక్కొని ఉంటుంది. అవతలివాళ్ళు ఫోన్‌లో తెరిస్తే మామూలు పీడీఎఫ్. నువ్వు లిబ్రేఆఫీస్‌లో తెరిస్తే మార్చుకోగలిగే ఉత్తరం. "పోయినేడు పంపిన ఉత్తరం అసలు ఫైల్ ఎక్కడుందో" అని వెతుక్కునే బాధ ఉండదు. కానీ బయటికి పంపే లెక్కల ఫైళ్ళకు ఆ టిక్ పెట్టొద్దు. లోపల దాగిన షీట్లలో మీ మిల్లు రేట్లుంటాయి, అవి అవతలివాళ్ళ చేతికి వెళ్ళకూడదు.

ఇక దీనితో కుదరనివి కూడా ఉన్నాయి, దాచను. ఎక్సెల్‌లో రాసిన మాక్రోలు, అంటే పనులు వాటంతటవే జరిగేలా ఫైల్‌లో రాసిపెట్టే చిన్న ప్రోగ్రాములు, ఇందులో అన్నీ నడవవు. జీఎస్టీ పోర్టల్ ఇచ్చే కొన్ని ఆఫ్‌లైన్ యుటిలిటీలు ఎక్సెల్ మాక్రోల మీదే ఆధారపడ్డవి, వాటిని ఇందులో తెరిచి టైమ్ వేస్ట్ చేసుకోకు. ఆ పని మీ సీఏ గారి ఆఫీసులో చేయించమని సేటుకు మర్యాదగా చెప్పు. డిజైన్లతో నిండిన వర్డ్ ఫైళ్ళు ఇందులో తెరిస్తే అటూ ఇటూ జరుగుతాయి. ఇవి నిజమే. కానీ నీ పనిలో వీటి వంతు ఎంత? రోజంతా నువ్వు చేసేది వడ్లు, బియ్యం, తవుడు, నూక, గన్నీ బస్తాలు, హమాలీ లెక్కలే. వాటికి ఇందులో లోటు లేదు.

ఫైళ్ళు నీ దగ్గర కాల్క్ సొంత రకమైన ఓడీఎస్‌గానే ఉంచుకో. సీఏ గారికి ఎక్సెల్ ఫైల్ కావాలంటే ఫైల్ మెనూలో సేవ్ ఎ కాపీ తీసుకొని ఎక్స్ఎల్ఎస్ఎక్స్‌గా పంపు. సేవ్ యాజ్ చేశావంటే తెలియకుండానే ఆ కాపీలో పనిచేయడం మొదలుపెడతావు, అసలు ఫైల్ వెనకబడిపోతుంది. రెండు ఫైళ్ళు, రెండు లెక్కలు, ఏది నిజమో ఎవరికీ తెలియదు. ఈ గొడవ నేను చాలా ఆఫీసుల్లో చూశాను.

కరెంటు పోవడం మిల్లుల్లో మామూలే. ఆప్షన్స్‌లో లోడ్ సేవ్, జనరల్‌కు వెళ్ళి ఆటోరికవరీని మూడు నిమిషాలకు పెట్టు, ఎప్పుడూ బ్యాకప్ కాపీ తీయమనే టిక్ కూడా పెట్టు. అది చాలదు. శనివారం సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందు ఆ వారం ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లోకి తీసి, పేరు చివర తేదీ వేసి, సేటు బీరువాలో పెట్టించు.

మెనూలు తెలుగులోకి మార్చుకోవచ్చని ఎవరైనా చెబుతారు, భాష ప్యాక్ ఉంది. తెలుగంటే నాకెంత ఇష్టమో నీకు తెలుసు. అయినా నేర్చుకునే రోజుల్లో ఇంగ్లీష్‌లోనే ఉంచు. ఎక్కడైనా ఇరుక్కుంటే గూగుల్‌లో వెతకాలన్నా, యూట్యూబ్‌లో చూడాలన్నా ఆ ఇంగ్లీష్ పేర్లతోనే జవాబులు దొరుకుతాయి. నేను కూడా అందుకే పైన మెనూ పేర్లన్నీ అలాగే రాశాను. కొత్త వెర్షన్ వేయాలంటే లిబ్రేఆఫీస్ వాళ్ళ సొంత వెబ్‌సైట్ నుంచే దింపుకో, దానికి డబ్బులు అడిగేవాళ్ళను నమ్మకు. ఎవరైనా "క్రాక్ చేసిన ఎక్సెల్ వేసిస్తా అక్కా" అంటే వద్దను. రైతుల ఖాతా నంబర్లున్న కంప్యూటర్ అది, దొంగ సాఫ్ట్‌వేర్‌తో ఏ వైరస్ వస్తుందో చెప్పలేం.

ఇవన్నీ ఒకేసారి పెట్టుకోకు. ఈ వారం వడ్ల షీటు, జాబితా షీటు, వాలిడిటీ. వచ్చే వారం పివట్. మిగతావి అవసరం వచ్చినప్పుడు. సేటుతో "నాకు రాదు" అనకు, "పది రోజులు టైమ్ ఇవ్వండి, మండలాల వారీగా లెక్క మీ బల్ల మీద పెడతాను" అను. ఆయన కాంటా దగ్గర పెరిగిన మనిషి, పని కనబడితే గౌరవిస్తాడు.

వచ్చే ఆదివారం సెలవైతే నల్గొండ రా. పెన్‌డ్రైవ్‌లో నీ ఫైల్ తెచ్చుకో, పాత చీటీలను కొత్త షీటులోకి ఎక్కించే పని ఇద్దరం కూర్చొని చేద్దాం. పెద్దమ్మ సర్వపిండి చేస్తానంటోంది. బస్టాండులో దిగగానే ఫోన్ చేయి, బండి వేసుకొని వస్తాను.

నీ పెద్దనాన్న